చారల కొంగు, అలుపులేని డయల్

కప్పను కోసి పరీక్ష చేసే విద్యార్థులు, "ఎలా ఉంది మీ అనుభవం?" అని ఆ కప్పను ఎప్పుడైనా అడిగారా? అడగరు. మమ్మల్ని అడుగుతున్నారు! అందుకే చెబుతున్నాను, ఈ దేశంలో 'పలుకు మొబైల్' కంపెనీవారిని మించిన మర్యాదస్తులు లేరు.

నా సెల్‌ఫోన్ సరిగ్గా పనిచేయదు. ఇది ఫిర్యాదు కాదు, పాఠకులు పొరబడకూడదు. ఇది నా హోదా. పనిచేసే ఫోను చేతిలో ఉన్నవాడు ఉత్త కస్టమర్. పనిచేయని ఫోను చేతిలో ఉన్నవాడు 'గౌరవ పరీక్షకుడు'. ఆ మాట ముందువైపు ముద్రించిన టోపీ ఒకటి మా ఇంట్లో గోడకు తగిలించి ఉంది.

నేను హిందూపురం మెయిన్ బజార్‌లో వాచీలు బాగుచేసుకునే షబ్బీర్‌ని. తిరగని ముల్లును తిప్పడమే నా వృత్తి కాబట్టి, యంత్రం మొరాయించిందని చిరాకుపడే రకం కాదు. పోయిన ఏడాది, అంటే 2005 ఎండాకాలంలో, కంపెనీవారు మా బజార్లో షామియానా వేసి, వచ్చినవాళ్ళందరికీ మజ్జిగ పోసి, 'వాడి చూడండి, చెప్పండి' అనే కార్యక్రమం మొదలుపెట్టారు. కొత్తగా కనిపెట్టిన సౌకర్యాలన్నీ ముందు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఊళ్ళలో పరీక్షించి, ఆ తరువాతే మిగతా ప్రపంచానికి ఇస్తారట. ప్రపంచం కంటే ముందు మనకా! మజ్జిగ గ్లాసు కింద పెట్టకుండానే చేరిపోయాను.

అప్పటి నుంచి నేను పొందిన మేళ్ళు ఒకటా, రెండా?

ముందు ప్రయాణాల సంగతి చెప్పాలి. మా ఊరికి కర్ణాటక కూతవేటు దూరం. కంపెనీవారి టవరు నాలుగు అక్షరాలు పలికి అలసిపోగానే, నా ఫోను అవతలి కన్నడ టవరును పట్టుకుంటుంది. 'కర్ణాటకకు స్వాగతం' అని మెసేజ్ వస్తుంది. టీ చల్లారేలోగా 'ఆంధ్రప్రదేశ్‌కు తిరిగి స్వాగతం' అని ఇంకొకటి. కొట్లో స్టూలు మీద నుంచి లేవకుండా ఇంత తిరిగేవాడు జిల్లాలో మరొకడున్నాడా? రోమింగ్ చార్జీ అంటారా? బస్సువాడు మాత్రం ఊరికే ఎక్కించుకుంటాడా?

ఇక ఆరోగ్యం. మా చెల్లెలు హసీనాబీ వాళ్ళది పెనుకొండ. అక్కడ కోట ఉన్న కొండ సిగ్నల్‌కు అడ్డం నిలబడుతుంది. ఫోను మోగితే చాలు, జనం మాట్లాడటానికి కొండెక్కుతారు. మా బావ రఫీకి షుగరు. రోజూ నడవమని డాక్టరు ఎంత మొత్తుకున్నా మంచం దిగేవాడు కాదు. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేస్తే చెప్పులు కూడా వేసుకోకుండా ఎగబాకుతున్నాడు. షుగరు తగ్గింది. "ఆ కంపెనీ చల్లగుండ, ఆయన నడుస్తాండాడన్నా!" అని హసీనాబీ రెండు చేతులెత్తి దువా చేసింది. కొండ పైకి చేరేసరికి కాల్ కట్టయిపోతుందనుకోండి. అది వేరే విషయం.

కాపురం సంగతి అడక్కండి, మూడు పువ్వులు ఆరు కాయలు. ఈ ఫోనులో రింగు నిక్షేపంగా పోతుంది, మాట మాత్రం వినిపించదు. నా భార్య దిల్షాద్ ఇంటి నుంచి ఫోన్ చేసి ఏదో తెమ్మంటుంది. నేను "ఆ, ఆ" అంటాను. నాకు తోచింది తీసుకుపోతాను. ఇదేమిటని అడిగితే కంపెనీని చూపిస్తాను. ఇన్నేళ్ళ సంసారంలో తప్పు నాది కాకుండా పోవడం నాకు ఇదే మొదటిసారి.

అయితే ఒక్క కాల్ మాత్రం గంట కొట్టినట్టు వినిపిస్తుంది. అది కంపెనీవారి సర్వే కాల్. ఎండైనా, వానైనా, కరెంటు లేకపోయినా, పెనుకొండ కొండ వెనకాలైనా ఆ అమ్మాయి గొంతు చెవిలో తేనె పోసినట్టు వస్తుంది. "మా సేవ మీకు ఎలా ఉంది? బాగుంటే ఒకటి నొక్కండి. చాలా బాగుంటే రెండు నొక్కండి. అద్భుతంగా ఉంటే మూడు నొక్కండి." బాగాలేదనడానికి నంబరు లేదు. అలాంటి ఆలోచన మనకు వస్తుందని వాళ్ళు కలలో కూడా అనుకోలేదు. మన మీద ఎంత మంచి అభిప్రాయం!

ఇప్పుడు అసలు సౌకర్యానికి వస్తాను. దాని పేరు 'అలుపులేని డయల్'. మీరు ఎవరికైనా ఫోన్ చేస్తే అవతలివారు ఎత్తలేదనుకోండి. మీరు మళ్ళీ మళ్ళీ నొక్కుతూ కష్టపడనక్కర్లేదు. మీ నంబరుతో కంపెనీ యంత్రమే మీ బదులు ప్రయత్నిస్తుంది. ఒకసారి చేస్తుంది, కాసేపాగి వరుసగా రెండుసార్లు చేస్తుంది, అవతలివారు ఎత్తేదాకా చేస్తూనే ఉంటుంది. షామియానాలో టై కట్టుకొని చెమటలు కక్కుతూ లక్ష్మీకాంత్ అనే ఆఫీసరు ఈ విషయం వివరించినప్పుడు నేను చప్పట్లు కొట్టాను.

అక్కడే చిన్న తిరకాసు ఉంది. మా వైపు ఫోన్ చేసేది ఎత్తడానికి కాదు!

ఇల్లు చేరితే ఒక మిస్డ్ కాల్. అన్నం వండమంటే రెండు. పాలవాడికొక లెక్క, ఆటోవాడికొక లెక్క. మిస్డ్ కాల్‌ను ఎత్తితే అవతలివాడి బ్యాలెన్సు పోతుంది కదా? అందుకని అలా ఎత్తేవాణ్ణి మా ఊళ్ళలో పెద్దమనిషిగా లెక్కగట్టరు. ఎత్తకుండా ఉంటేనే ఆ కాల్ చేరినట్టు. చల్లని గదిలో కూర్చొని ఈ సౌకర్యం కనిపెట్టినవారికి, ఎత్తని కాల్ అంటే కలవని కాల్.

మా హసీనాబీ కూతురు తస్లీమ్‌కు నికా కుదిరింది. పెళ్ళికూతురికి మేనమామ చీర పెట్టడం మా ఇళ్ళలో ఆనవాయితీ. నాకున్నది ఒక్క మేనకోడలు. అందుకని ధర్మవరంలో మగ్గం నేసే కుళ్ళాయప్పకు చెప్పి దగ్గరుండి నేయించాను. ఒళ్ళంతా పసుపు. కొంగు దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో పేచీ. తల్లి ఎరుపంటుంది, కూతురు ఆకుపచ్చ అంటుంది. కుళ్ళాయప్ప మగ్గం మీద కూర్చొని కబురు కోసం చూస్తున్నాడు. ఫోనులో మాట వినిపించదు కాబట్టి ముందే ఒప్పందం చేసుకున్నాం. ఒక రింగు ఇస్తే ఎరుపు, రెండిస్తే ఆకుపచ్చ.

చివరికి తస్లీమే తల్లి మాటకు ఒప్పుకుంది. పొద్దున్నే ఒక్క రింగు ఇచ్చి కట్ చేసి, హాయిగా వాచీల ముందు కూర్చున్నాను. పాపం కంపెనీ యంత్రం కూర్చోలేదు. షబ్బీర్ సాబ్ కాల్ కలవలేదే అని దిగులుపడి పనికి దిగింది.

నికాకు రెండు రోజుల ముందు చీర తెచ్చుకుందామని ధర్మవరం రైలెక్కాను. కుళ్ళాయప్ప నన్ను చూడగానే నవ్వాడు.

"ఏమప్పా షబ్బీరూ, మీ ఇంట్లో తగువు ఇప్పటికైనా తెగెనా?"

"ఏం తగువన్నా?"

"అదేనప్పా, తల్లీబిడ్డల తగువు! పొద్దున ఒక రింగొచ్చె, ఎరుపు ఏస్తి. రవ్వంతసేపటికి రెండొచ్చె. ఓహో, బిడ్డ గెలిచిందని పచ్చకు మారిస్తి. అన్నం తిని మగ్గమెక్కుతానే మళ్ళ ఒకటి. పొద్దుగూకేదంకా ఇదే పని. ఇద్దరూ తగ్గేట్టే లేరు గదప్పా!"

చీర విప్పి కొంగు పరిచాడు. ఎరుపు, పచ్చ, ఎరుపు, పచ్చ. ఒక చార బెత్తెడు, ఒక చార వేలెడు. పెళ్ళి పందిట్లో కింద పరిచే జంపఖానా అచ్చం అలాగే ఉంటుంది.

"ఒక్కసారి నాకు ఫోన్ చేసి అడక్కపోయినావాన్నా?"

"చేయకేం? చేస్తే ఎవరో ఆడమనిషి, 'మీరు పిలిచినవారు పరీక్షలో ఉన్నారు' అనె. ఈ వయసులో నీకేం పరీక్షలో అనుకొని పెట్టేస్తి."

లోపలి నుంచి ఆయన భార్య రంగనాయకమ్మ వచ్చింది. "రింగొచ్చినపుడే ఎత్తి అడుగు అని నేను చెప్తానే ఉండా. ఎత్తితే షబ్బీరు బ్యాలెన్సు పోతాదంట. ఈయప్పకు అంత మర్యాద!"

మొదటి రింగు తప్ప మిగతావేవీ నేనివ్వలేదు, కంపెనీ యంత్రం ఇచ్చిందని చెప్పాను. కుళ్ళాయప్ప ముఖంలో నవ్వు పోయింది. కొంగును చేత్తో నిమిరాడు. "నా మగ్గం మీద నుంచి ఇట్లాంటిది ఎప్పుడూ బయటికి పోలేదప్పా. విప్పి మళ్ళ నేస్తా, ఒక వారం ఆగు" అన్నాడు. వారమెక్కడిది? ఎల్లుండే నికా.

తస్లీమ్ ఆ చీరే కట్టుకుంది. "నాకు రెండు రంగులూ వచ్చినాయి గదా మామా, ఇట్లనే బాగుండాది" అంది. కానీ ఫోటో తీసేటప్పుడు కొంగును లోపలికి మడిచి చేత్తో పట్టుకుంది. ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. కంపెనీమీద కాదు లెండి. కంపెనీమీద బాధపడితే నా హోదా ఏం కావాలి?

గౌరవ పరీక్షకుడిగా నా బాధ్యత మరువకుండా ఈ సంగతంతా లక్ష్మీకాంత్‌కు చెప్పాను. ఆయన మంచి మనిషి. నొచ్చుకున్నాడు, కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు.

"ఇది చాలా విలువైన ఫీడ్‌బ్యాక్ సార్. మీ ప్రాంతంలో ఈ అలవాటు ఉందని మా వాళ్ళకు తెలియదు."

"మరి హైదరాబాదులో ఈ సౌకర్యం ఎలా నడుస్తోంది?"

"అక్కడ పెట్టలేదు సార్. అక్కడి కస్టమర్లు ఊరుకోరు."

నా ఛాతీ ఉప్పొంగింది! మేము ఊరుకుంటాం. ఇంత గొప్ప గుణం మాలో ఉందని మాకే తెలియదు, కంపెనీవారు ఎంత దూరం నుంచి కనిపెట్టారో చూడండి.

"సరే, ఇక్కడ ఎప్పుడు ఆపుతారు?"

ఆయన తల దించుకున్నాడు. "పొడిగించారు సార్. సర్వేలో మీ మూడు ఊళ్ళ నుంచి ఒక్కరు కూడా బాగాలేదనలేదట."

తస్లీమ్ ఇప్పుడు కదిరిలో ఉంది. అత్తగారింట్లో అందరికీ కలిపి ఒకటే ఫోను, అదీ ఈ కంపెనీదే. వాళ్ళ వీధిలో మోగేది ఇదొక్కటే, కాబట్టి వాళ్ళ సిమ్ మార్పించమని నాకు సలహా ఇవ్వకండి. సాగనంపే రోజు నేను ఆ పిల్ల చెవిలో ఒక మాట చెప్పాను. "ఒక రింగు ఇస్తే నువ్వు బాగుండావని అర్థం. రెండిస్తే, వచ్చి తీసుకుపొమ్మని. ఎందుకని కూడా అడగను." అప్పటికి కదిరి ఇంకా కంపెనీవారి పరీక్షలో చేరలేదు. వాళ్ళు మంచివాళ్ళే. అయినా ఆడపిల్లను పంపినవాడికి ఇలాంటి ఏర్పాటు ఒకటి ఉంటేనే కంటికి నిద్ర వస్తుంది.

నెల తిరక్కుండానే రెండు రింగులు వచ్చాయి. ఎవరిదో వాచీ విప్పినది విప్పినట్టే వదిలి, కొట్టు మూసి, కదిరి బస్సెక్కాను. దారి పొడవునా ఏవేవో ఊహించుకున్నాను. వెళ్ళేసరికి తస్లీమ్ పెరట్లో మిరపకాయలు ఎండబోస్తోంది.

"ఏం మామా, చెప్పకుండానే వస్తివి?"

"రెండిచ్చినావు కదమ్మా?"

"లేదు మామా, ఒక్కటే ఇచ్చినా!"

అలుపులేని డయల్ కదిరికి కూడా వచ్చేసిందన్నమాట! ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. వాళ్ళ అత్తగారు బిర్యానీ వండింది. పిల్లను కళ్ళారా చూసుకొని వచ్చాను. చెప్పండి, కంపెనీ లేకపోతే నాకు ఆ భాగ్యం దక్కేదా?

తరువాత మళ్ళీ రెండు రింగులు వచ్చాయి. ఈసారి కంపెనీదేలే అనుకొని వాచీ ముందు కూర్చున్నాను. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాను. కొట్టు మూశాను. ఆ తరువాత వచ్చినప్పుడూ అంతే. కదిరి బస్సు కండక్టరు ఇప్పుడు నన్ను ఎక్కడికని అడగడం మానేశాడు.

నిన్న సర్వే అమ్మాయి మళ్ళీ పిలిచింది. గంట కొట్టినట్టు వినిపించింది. "అలుపులేని డయల్ వల్ల మీరు మీ బంధువులకు మరింత దగ్గరయ్యారా? అద్భుతంగా దగ్గరైతే మూడు నొక్కండి." మూడే నొక్కాను. అబద్ధం ఎలా ఆడమంటారు?

ఇంతవరకు నన్ను పరుగెత్తించిన రెండు రింగులన్నీ కంపెనీవే. వాళ్ళు ఇంకా చాలాకాలం ఇలాగే తప్పులు చేస్తూ ఉండాలని రోజూ దువా చేస్తున్నాను. ఒక మొబైల్ కంపెనీ తప్పు చేయాలని దేవుణ్ణి వేడుకునే కస్టమర్‌ను ఇంతకు ముందు మీరు చూసి ఉండరు. నా మేనకోడలు ఏడుస్తూ నొక్కిన రెండు రింగులనూ, యంత్రం ఊరికే నొక్కిన రెండు రింగులనూ వేరు చేసి చెప్పే సౌకర్యం ఏదైనా కనిపెడితే, దాన్ని కూడా ముందు మా మీదే పరీక్షించుకోమని కంపెనీవారికి నా మనవి. మేము ఊరుకుంటాం.

ఇంకా రాయాలని ఉంది కానీ ఇప్పుడే ఫోను మోగింది. రెండుసార్లు. కొట్టు మూసి కదిరి వెళ్ళొస్తాను.