మంత్రిగారి సముద్రతీరం

"మా నియోజకవర్గం కింద గ్యాస్ ఉంది. ఇది సైన్సు తీర్మానం. దాన్ని నేను ఆమోదించాను" అని ఇంధనశాఖ మంత్రిగారు పొద్దున్నే పత్రికలవాళ్లకు ప్రకటించారు. సైన్సుకు ఆ సంగతి మధ్యాహ్నం తెలిసింది.

సైన్సంటే మా ఆఫీసులో ఒక్కరే, జియాలజిస్టు మేడమ్. నేను ఆవిడకు మ్యాపులు గీసిపెడతాను. రాతిపొరల రికార్డులు చదివీ చదివీ మూడేళ్లలో ఆవిడ కళ్లద్దాల పవరు రెండుసార్లు మారింది.

మంత్రిగారు స్వయంగా దయచేశారు. మ్యాపును తలకిందులుగా పట్టుకుని కూడా ఎంత శ్రద్ధగా చూశారో!

"ఈ సీక్వెన్స్ స్ట్రాటిగ్రఫీ అంటే ఏంటమ్మా?"

"కోట్ల ఏళ్ల కిందట సముద్రం వెనక్కి తగ్గినప్పుడు నదులు ఇసుకను ముందుకు మోసుకెళ్లాయి సార్. మళ్లీ ముందుకొచ్చినప్పుడు దానిమీద బంకమన్ను పేరుకుంది. గ్యాస్ ఇసుకరాతిలో చేరుతుంది, పైన బంకమన్ను మూతలా ఆపుతుంది. పొరల వరస తెలిస్తే ఇసుక ఎక్కడుందో అంచనా వేయొచ్చు."

"మా వైపు?"

"అంతా బంకమన్నే సార్. అప్పటి తీరం ఆగిందీ, ఇసుక ఉన్నదీ పక్క నియోజకవర్గంలో."

అది ప్రతిపక్ష నాయకుడిది. మంత్రిగారి ముఖం మాడిపోయింది.

"సముద్రాన్ని అక్కడ ఆపిందెవరు?"

"ఎవరూ లేరు సార్. అప్పటికి మనుషులే పుట్టలేదు."

"అడిగేవాడు లేడని ఇష్టమొచ్చినట్టు తిరిగిందన్నమాట!"

పీయే అది రాసుకున్నాడు.

"ఆ తీరాన్ని నాలుగు మైళ్లు ఇటు జరుపమ్మా. పెన్సిల్ గీతేగా."

మేడమ్ మ్యాపు మీద చెయ్యి అడ్డం పెట్టారు. "జరపను సార్. కావాలంటే నన్ను జరపండి."

నేను రబ్బరు తీసి జేబులో దాచేశాను.

మంత్రిగారిది విశాల హృదయం. సముద్రాన్నీ జరపలేదు, మేడమ్‌నీ జరపలేదు. నియోజకవర్గాన్ని జరిపారు. నెల తిరక్కుండా గెజిట్ వచ్చింది. కొత్త సరిహద్దు నాలుకలా సాగి ఇసుకపొర దాకా వెళ్లింది. ఆ నాలుక గీసే భాగ్యం నాకే దక్కింది.

మేడమ్ మొదటిసారి నాకు టీ తెప్పించారు. "ఎలాగైతేనేం, ఇక బోరు వేస్తారు. నా అంచనా నిజమో కాదో తేలిపోతుంది."

విజయోత్సవ సభలో పూలగుత్తి అందుకుంటూ ఆవిడ అడిగేశారు. "బోరెప్పుడు సార్?"

"ఎందుకమ్మా? గ్యాస్ దొరికిందిగా!"

"ఉండొచ్చన్నాను సార్. తవ్వితేనే తెలుస్తుంది."

"తవ్వాక లేదని తేలితే నీ పరువేం కావాలి? నీ మంచి కోరి చెప్తున్నా."

అయినా ఆడపడుచులాంటి మనిషి అడిగిందని మంత్రిగారి మనసు కరిగింది కాబోలు, మర్నాడే డ్రిల్లింగ్ మెషీన్ వచ్చింది. మేడమ్ హెల్మెట్ పెట్టుకుని అందరికంటే ముందే చేరారు. డ్రిల్లు గర్జించింది, మన్ను చిమ్మింది, ఆరడుగులు దిగి ఆగిపోయింది.

"ఆపారేం? ఇంకా మూడు వేల మీటర్లుంది!" అని అరిచారు మేడమ్.

కాంట్రాక్టరు నుదురు తుడుచుకున్నాడు. "అంత లోతు పునాది దేనికి మేడమ్? విగ్రహం మంత్రిగారి ఎత్తేగా!"