మూడో అంతస్తులో చలికాలం

ఆ రోజు ఉదయం మేనేజరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే ఆఫీసుకు వెళ్ళాలి, మీటర్లు ఓసారి చూసుకోవాలి, తనిఖీకి వచ్చే అధికారిణికి మేడంతా చూపించాలి, కరెంటు పొదుపు సర్టిఫికెట్టు పుచ్చుకుని ఇంటికి రావాలి. ఆ అద్దాల మేడ కాల్చే కరెంటు ఓ చిన్న ఊరు కూడా కాల్చదని, దానికోసం ఎక్కడో మండే బొగ్గు పొగంతా మన పాపమేనని యజమాని చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, అవసరాన్ని బట్టి ఏసీలు తమంతట తామే తగ్గే ఏర్పాటు చేయించాడు. పొద్దున పూట కిటికీలు తెరిస్తే అసలు ఏసీలే అక్కర్లేదని కూడా అన్నాడు. కిటికీలు తెరిస్తే అద్దాల మేడ పరువేం కాను అని యజమాని కొట్టిపారేశాడు.

పైగా ముందురోజే తేల్చి చెప్పాడు. "రేపు సర్టిఫికెట్టు రాకపోతే ఇదంతా పీకించేస్తానయ్యా. నువ్వెళ్ళి మన పాత గోడౌను చూసుకో."

మేనేజరు బూట్లు తొడుక్కుంటుంటే భార్య ఓ బరువైన సంచి తెచ్చి చేతిలో పెట్టింది. "తమ్ముడికివ్వండి. దారిలో తెరిచి చూడకండి."

తమ్ముడికి ఏదో వండి పంపుతోందనుకున్నాడు. తనకు మాత్రం ఏమీ లేదని మనసు కాస్త చివుక్కుమంది. అయినా సంచిని మోసుకెళ్ళి, మూడో అంతస్తులో లెక్కల గుమాస్తాగా పనిచేసే బావమరిది బల్ల మీద పెట్టి, కిందనున్న మీటర్ల గదికి వెళ్ళిపోయాడు.

బావమరిదికి చలంటే ప్రాణం పోతుంది. ఆఫీసులో అందరూ అతన్ని మంచుముద్ద అంటారు. అక్క పంపినది గది హీటరు. బావ కంటబడితే ఇంకేమైనా ఉందా అని దాన్ని బల్ల చాటున, గోడ వారగా దాచి మీట నొక్కాడు. సరిగ్గా దాని నెత్తిమీదే గోడకు చిన్న తెల్ల డబ్బా ఉంది. గది ఎంత వేడిగా ఉందో కనిపెట్టి ఏసీకి చెప్పేది అదే. కింది నుంచి వేడి తగలగానే డబ్బా గదంతా ఉడికిపోతోందనుకుంది. ఏసీ చల్లగాలి కుమ్మరించింది. మంచుముద్ద వణికిపోయి హీటరు ఇంకాస్త పెంచాడు. డబ్బా ఇంకాస్త కంగారుపడింది.

కాసేపటికి మూడో అంతస్తులో పళ్ళు టకటకలాడాయి. క్యాషియరు బండి మీద వేసుకునే వానకోటు తొడుక్కున్నాడు. టైపిస్టు చేతిగుడ్డను చెవులకు చుట్టుకుంది. తనిఖీ ఉంది కదా, మేనేజరు ఏసీ గొప్ప చూపిస్తున్నాడని అందరూ తిట్టుకున్నారు. మంచుముద్ద మాత్రం కాస్త నిబ్బరంగా కనిపించేసరికి క్యాషియరు బల్ల కిందికి వంగి చూశాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే మెట్లు దిగి, కింద ఉన్న ఎలక్ట్రికల్ షాపు నుంచి చంకలో పెట్టెలతో ఎక్కడం మొదలుపెట్టారు. ఎండాకాలంలో ఇన్ని హీటర్లు ఎందుకమ్ముడుపోతున్నాయో షాపాయనకు అంతుపట్టలేదు. అంతుపట్టాలని ఆయన కోరుకోనూ లేదు.

మీటర్ల గదిలో మేనేజరుకు ముచ్చెమటలు పోశాయి. అంకెలు పరుగెడుతున్నాయి. ఏం చేయాలో తోచక, అధికారిణి ముందుగా చూసే మూడో అంతస్తును వదిలేసి మిగతా అంతస్తుల ఏసీలు ఆపేశాడు. దాంతో రెండో అంతస్తు వాళ్ళు ఉక్కపోస్తోందని, మూడో అంతస్తు వాళ్ళు చచ్చిపోతున్నామని ఒకేసారి ఫోన్లు చేశారు. ఇదేం గొడవో చూద్దామని యజమాని కోటు సర్దుకుని లిఫ్టెక్కాడు. మేనేజరు మెట్ల మీదుగా పరుగెత్తి మూడో అంతస్తు చేరేసరికి, అధికారిణి అప్పటికే అక్కడ నిలబడి వానకోటులో ఉన్న క్యాషియరును తేరిపార చూస్తోంది.

ఆ క్షణంలోనే ఎవరో చివరి హీటరు మీట నొక్కారు. మేడంతటా కరెంటు పోయింది. లిఫ్టు రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ నడుమ ఆగిపోయింది.

గోడౌను మేనేజరు కళ్ళముందు కదలాడింది. ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరయింది. ఏడుపొక్కటే తక్కువ.

"బావా, బయట ఎండగా ఉంది," అన్నాడు మంచుముద్ద దవడలు వణుకుతుండగా. "వెచ్చదనం కోసం ఈ కిటికీ తీస్తున్నా. తర్వాత నన్నేమీ అనకు."

కట్టిన నాటి నుంచి తెరవని కిటికీ అది. మంచుముద్ద భుజం పెట్టి ఒక్క తోపు తోశాడు. గాలి లోపలికొచ్చింది. అటు చలీ కాదు, ఇటు ఉక్కా కాదు, హాయిగా ఉంది. వానకోటు విప్పేసి క్యాషియరు రెండో కిటికీ తెరిచాడు. కేకలు విని రెండో అంతస్తు వాళ్ళూ తెరిచారు. కాగితాలు ఎగిరాయి, జనం నవ్వారు.

మేనేజరు చూపు బల్ల చాటునున్న హీటరు మీద, దాని పక్కనున్న సంచి మీద పడింది. సంగతంతా అర్థమైపోయింది. దాచి లాభం లేదనుకుని హీటరును చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఇది మా ఇంటి సంచేనండీ. మోసుకొచ్చింది కూడా నేనే," అని, డబ్బా ఎలా మోసపోయిందో పూసగుచ్చినట్టు చెప్పాడు.

అధికారిణి నవ్వాపుకుంటూ హీటర్లన్నీ తీయించి, కరెంటు వేయించి, మీటరు చూపించమంది. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, ఏసీలు ఆపి ఉన్నాయి. అంకెలు కదలాలా వద్దా అన్నట్టున్నాయి. ఇంత పెద్ద మేడ ఇంత తక్కువ కరెంటుతో నడవడం తానెక్కడా చూడలేదని అక్కడికక్కడే సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టింది.

వాళ్ళు మళ్ళీ మూడో అంతస్తుకు వచ్చేసరికి, అప్పుడే లిఫ్టులోంచి బయటపడిన యజమాని చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు. ఎవరినీ పలకరించకుండా కోటు విసిరేసి తిన్నగా కిటికీ దగ్గరకెళ్ళి తల బయటపెట్టాడు.

"కిటికీలు తెరవాలన్న ఆలోచన ఎవరిదండీ?" అని అడిగింది అధికారిణి.

"మాదే," అన్నాడు యజమాని. గాలి ఇంకాస్త తగిలాక సర్దుకున్నాడు. "అంటే, మా మేనేజరుది. ఏడాదిగా చెబుతున్నాడు, నేనే వినలేదు. ఇకనుంచి మన మేడలన్నిటికీ ఇతను చెప్పిందే మాట."

మేడ దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి. మేనేజరుకు కాళ్ళు నేలమీద నిలవలేదు. మొదటి కిటికీ తెరిచినవాడికి బహుమతి ఇవ్వాల్సిందేనని యజమాని షాపుకు మనిషిని పంపితే, హీటర్లన్నీ అమ్ముడైపోయి టేబుల్ ఫ్యాను ఒక్కటే దొరికింది. దాన్ని చూడగానే మంచుముద్దకు మళ్ళీ వణుకు పుట్టింది.

సాయంత్రం మంచుముద్ద వద్దన్న ఆ ఫ్యాను పెట్టెను ఇంటికి మోసుకెళ్ళింది కూడా మేనేజరే, కాకపోతే ఈసారి తెరిచి చూసుకుని మరీ.