మణికట్టు నొప్పికి తగిన సమయం

నొప్పి ఉందా లేదా అన్నది నొప్పి పడే మనిషి తేల్చే విషయం కాదు. నాగరిక సమాజాలన్నీ ఈ సంగతి ఎప్పుడో గ్రహించాయి. మా ఇల్లు ఈ ఏడాదే గ్రహించింది.

మావారు ఒక బీమా కంపెనీలో పనిచేస్తారు. పనిలో దెబ్బ తగిలిందని ఎవరైనా దరఖాస్తు పెట్టుకుంటే, వాళ్ళ డాక్టరు రాసిచ్చింది పక్కన పెట్టి, ఏ పక్షానికీ చెందని మరో డాక్టరుకి చూపించాలి. దాన్ని స్వతంత్ర వైద్య పరీక్ష అంటారు. మావారు ఆ పరీక్ష చేయరు, చేయించరు. దాన్ని ఎప్పుడు అడగాలో నిర్ణయిస్తారు. (పద్దెనిమిదేళ్ళుగా అదే పని. రెండుసార్లు ప్రమోషన్ కూడా వచ్చింది.)

తొందరపడి అడిగితే నొప్పి ఇంకా పచ్చిగా ఉంటుంది. మొదటి రెండు వారాలు ఎవరికైనా నొప్పిగానే ఉంటుంది కనుక అది సాక్ష్యం కింద రాదు. ఆలస్యంగా అడిగితే తగ్గిపోయి ఉంటుంది. లేని నొప్పిని చూడమనడం డాక్టరుకి అవమానం. ఈ రెంటికీ మధ్య సరైన రోజొకటి ఉంటుందట. అదేదో ఆ రోజు దాటాక తెలుస్తుంది.

నా కుడి మణికట్టు ఈ శాస్త్రం చదువుకోలేదు. ఒక సోమవారం పొద్దున పెద్ద దుప్పటి పిండుతుంటే కలుక్కుమంది. (ఆ దుప్పటి వాషింగ్ మెషీన్‌లో వేస్తే మూడుసార్లు మూలిగి ఆగిపోతుంది. దాని మాట మాత్రం ఇంటిల్లిపాదీ అక్కడికక్కడే నమ్మారు.)

వీధి చివరి డాక్టరమ్మ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "ఆరు వారాలు బట్టలు పిండొద్దు, బరువులెత్తొద్దు. ఇంట్లో ఇంకెవరూ లేరా?" అంది. ఉన్నారన్నాను. వైద్యుల దగ్గర నిజం దాచకూడదు. ఆవిడ రాసిచ్చిన చీటీ తెచ్చి మావారి చేతిలో పెట్టాను. ఇకనుంచి దుప్పట్లు ఆయన పిండాలని అందులో లేదు గానీ, కాస్త తెలివున్నవాళ్ళకి అర్థమయ్యేలాగే ఉంది.

ఆయన చీటీని కిటికీ వెలుగుకి పెట్టి చూశారు. "ఈవిడ నీ డాక్టరు," అన్నారు.

"నాదేమిటండీ? వీధందరికీ ఆవిడే."

"నువ్వు అబ్బా అంటే నమ్మేస్తుంది. స్వతంత్ర పరీక్ష కావాలి."

"సరే, రేపు వెళ్దామా?"

"రేపా!" అన్నారు, నేనేదో అనకూడని మాట అన్నట్టు.

ఆ సాయంత్రమే ఆకుపచ్చ అట్టతో ఒక ఫైలు వెలిసింది. మొదటి పేజీలో నియమాలు. మూడో నియమం ఇలా ఉంది: 'నొప్పి మొదలైన క్షణమున ఆ పని ఎవరి చేతిలో ఉన్నదో, నిర్ణయము వెలువడు వరకు వారి చేతిలోనే ఉండును.' ఆ క్షణంలో దుప్పటి నా చేతిలో ఉంది. అందుచేత నా చేతిలోనే ఉండును.

మా అత్తగారికి ఆఫీసు పద్ధతులంటే గౌరవం తక్కువ. "ఒరేయ్, ఆ ఫైలుకి దారం కట్టేలోపు దుప్పటి పిండి ఆరేయొచ్చు కదరా," అన్నారు.

"అమ్మా, నువ్వు మధ్యలో రాకు. కుటుంబ సభ్యుల మాట చెల్లదు."

"నిన్ను కన్నప్పుడు ఏ స్వతంత్రుడొచ్చి చూశాడ్రా నా నొప్పుల్ని?"

ఈ వ్యాఖ్య ఫైలుకెక్కలేదు.

మూడో వారం నిఘా మొదలైంది. "నిన్న సాయంత్రం ఆరూ పదికి టీవీ రిమోటు కుడిచేత్తో తీశావు," అన్నారు మావారు, నోటు పుస్తకం చూసి.

"ఛానల్ మార్చడానికండీ."

"నిజంగా నొప్పి ఉన్న మనిషి ఉన్న ఛానలే చూస్తుంది."

నాలుగో వారమంతా స్వతంత్రుడి కోసం వెతుకులాట. మా ఇంట్లో ఒక్కసారైనా కాఫీ తాగినవాళ్ళు పనికిరారని షరతు. దాంతో డాక్టరమ్మతో సహా వీధి వీధంతా అనర్హులైపోయారు. (నాకు ఇది పొగడ్తలాగే తోచింది.) చివరికి వాళ్ళ కంపెనీ పిలిపించుకునే డాక్టరుగారే ఖాయమయ్యారు. ఇరవై ఏళ్ళలో ఆయన ఒక్క మనిషిలో కూడా నొప్పి కనిపెట్టలేదని ఆఫీసులో గొప్ప పేరు.

అయిదో వారం ఆదివారం ఆయన వచ్చారు. కాఫీ వద్దన్నారు, వాసన మాత్రం రెండుసార్లు పీల్చారు. నా మణికట్టు నొక్కారు. అమ్మా అన్నాను, రాసుకున్నారు. మళ్ళీ నొక్కారు. పళ్ళ బిగువున ఊరుకున్నాను, అదీ రాసుకున్నారు. తర్వాత కళ్ళజోడు తీసి తీర్పు చెప్పారు.

"నొప్పి ఉన్న మాట నిజమే. కానీ పాతది. పెళ్ళికి ముందు నుంచే ఉన్నట్టుంది. ఈ ఇంటికి బాధ్యత లేదు."

"అయితే దుప్పట్లు మూటగట్టి కోడలి పుట్టింటికి పంపిద్దాం. వాళ్ళే పిండి ఆరేసి పంపిస్తారు," అన్నారు మా అత్తగారు.

డాక్టరుగారు తీసిన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. ఇరవై ఏళ్ళలో ఈ కోణం ఎవరూ చూపించినట్టు లేదు. "అసలు ఆ పని ఎంత బరువో ఒకసారి చూస్తే..." అని నసిగారు.

"బరువా!" మావారు చివాల్న లేచారు. "ఇందులో ఏముంది సార్? చేతకాక గానీ. ఇప్పుడే చూపిస్తాను." ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, బకెట్లోంచి నీళ్ళోడుతున్న దుప్పటి పైకి లాగి, ఒక కొస కొళాయికి చుట్టి, రెండో కొస పట్టుకుని మెలితిప్పారు. ఒక మెలి. రెండో మెలి. మూడో మెలికి చప్పుడొకటి వినిపించింది. (కొళాయిది కాదు.)

"అబ్బా! సార్, నా చెయ్యి కాస్త చూడండి సార్!"

డాక్టరుగారు సంచీ మూసేశారు. "మీ తరఫున దరఖాస్తేమీ లేదే," అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఎంతైనా స్వతంత్రుడు.

"ఏమోయ్, డాక్టరమ్మ దగ్గరికి పోదాం పద," అన్నారు మావారు, మణికట్టు పట్టుకుని.

"ఆవిడ మన డాక్టరు కదండీ. మీరు అబ్బా అంటే నమ్మేస్తుంది."

"పోనీ స్వతంత్ర పరీక్షే..."

"మొదటి రోజునా!" అన్నాను.

మా అత్తగారు కొడుక్కి తుడుచుకోవడానికి తువ్వాలు ఇచ్చి, టీవీ ముందు నా పక్కన కూర్చున్నారు. రిమోటు నా ఎడమచేతికే ఇచ్చారు. డాక్టరమ్మ చెప్పిన ఆరు వారాల విశ్రాంతి ఆ విధంగా అయిదో వారంలో మొదలైంది.

ఫైల్లో కొత్త పేజీ తెరిచాను. పరీక్ష ఎప్పుడు అడగాలన్నది పరిశీలనలో ఉంది. ఇలాంటి విషయాల్లో తొందర పనికిరాదు. బకెట్లో ఇంకా రెండు దుప్పట్లున్నాయి. నొప్పి మొదలైన క్షణమున పని ఆయన చేతిలో ఉంది. ఉండును.