ఒత్తిడే ఎరువు: గోధుమ సాక్షిగా

ఆఫీసులో ఒత్తిడి శాపమని ఎవరన్నారు? అది వరం! కావాలంటే గోధుమ మొక్కను అడగండి.

మా ఆవిడ గోధుమ పరిశోధన ల్యాబులో పనిచేస్తుంది. అక్కడి డైరెక్టర్ గారు ఒక జన్యు కుటుంబం గుట్టు పట్టుకున్నారు. నీళ్లున్న రోజుల్లో ఆ జన్యువులు మొక్కను పెంచుతాయి. నీళ్లు కరువైతే వాటిలోనే కొన్ని నడుం బిగించి మొక్కను కాపాడతాయి. ఈ సంగతి తేలిన మర్నాడే ఆయన స్టాఫ్ రూములో ఏసీ పీకించేశారు. మనుషుల్లో మాత్రం అలాంటి జన్యువులు ఉండవా? వాటిని నిద్రలేపొద్దూ!

ఫలితాలు అమోఘం. క్లర్కు నాలుగు కిలోలు తగ్గాడు. మైక్రోస్కోపు దగ్గర కూర్చునే ఆయన కళ్లు మూయకుండానే కునుకు తీయడం నేర్చాడు. ఏ యోగా క్లాసులో నేర్పుతారండీ ఇవన్నీ? మొక్కల గదిలో మాత్రం చల్లగా ఇరవై రెండు డిగ్రీలు. మధ్యాహ్నం అందరూ టిఫిన్ డబ్బాలతో అక్కడికే చేరుతున్నారు.

గోధుమలో చాలా జన్యువులకు మూడేసి ప్రతులుంటాయి. ఒకటి మొరాయిస్తే మిగతా రెండూ పని లాగించేస్తాయి. ల్యాబులో అంత దుబారా లేదు. ముగ్గురి పని మా ఆవిడ ఒక్కతే చేస్తుంది.

ఇంతలో మా మరదలి కాన్పు వచ్చిపడింది. గురువారం ఆపరేషన్. తోడల్లుడు ఓడ మీద ఉద్యోగం, ఎక్కడో సముద్రంలో ఉన్నాడు. మా ఆవిడ సెలవడిగింది.

"ఇప్పుడిప్పుడే రాటుదేలుతున్నావమ్మా. మధ్యలో ఆపితే ఎలా?" అన్నారు డైరెక్టర్ గారు.

"నాలుగు రోజులే సార్. చెల్లి పక్కన ఎవరూ లేరు."

"మంచిదేగా. ఆ అమ్మాయీ రాటుదేలుతుంది."

చూశారా, ఎంత విశాల హృదయమో!

మా ఆవిడ నేరుగా మొక్కల గదికి వెళ్లింది. ల్యాబులో మొక్కల కోసం ఒక ఫారం ఉంది. నీళ్లు ఆపిన ప్రతి కుండీకీ ఆ తర్వాత నాలుగు రోజులు నీళ్లు, నీడ, విశ్రాంతి ఇవ్వాలి. లేకపోతే మొక్క చచ్చి ప్రయోగం మట్టిగొట్టుకుపోతుంది. 'కుండీ' అన్న గడిలో ఆమె తన పేరు రాసింది. 'విశ్రాంతి లేని కాలం' అన్నచోట ఉన్నదున్నట్టు పద్నాలుగు నెలలని వేసింది.

డైరెక్టర్ గారు పేరు చూడలేదు. నెలలు చూసి కుర్చీలోంచి లేచారు.

"పద్నాలుగు నెలలా? ఏ బుద్ధిలేనివాడు చేశాడమ్మా ఈ పని? ఇంకా బతికే ఉందా?"

"ప్రస్తుతానికి ఉంది సార్."

"అయితే ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యకు," అంటూ సంతకం పెట్టేశారు.

మా ఆవిడ ఇప్పుడు చెల్లెలి దగ్గరుంది. ల్యాబులో ఆ ఫారాలు అయిపోయాయట, క్లర్కు మరో వంద అచ్చు వేయిస్తున్నాడు.