కాడకు వచ్చిన కష్టం

మగవాడికి కనికరం లేదని వాపోయే ఇల్లాళ్ళందరూ అర్జెంటుగా మేడ మీద ఒక గుమ్మడి విత్తనం పాతిపెట్టాలి. కాయ పడేసరికి కనికరం ఎలా పొంగుతుందో చూడండి!

సాక్ష్యం కావాలా? మూడో అంతస్తులోని క్యాషియర్‌గారే సాక్ష్యం. తన పెళ్ళికే అరగంట ఆలస్యంగా వచ్చిన మనిషి. ఇప్పుడు కోడి కంటే ముందు లేచి, మేడెక్కి, కాయ పడాలని గుమ్మడి మగపువ్వు తుంచి, రేకులు ఒలిచి, ఆడపువ్వుకు అద్ది వస్తున్నాడు. ఇంతకంటే మార్పు ఏ గురువు తేగలడు?

ఆయన భార్య బట్టలు కుడుతుంది. మెషిన్ మీద వంగీ వంగీ మెడ పట్టేసి ఆర్నెల్లయింది. ఎవరైనా పిలిస్తే తల తిరగదు, మనిషంతా తిరగాల్సిందే.

"ఏమండీ, మెడ లాగేస్తోంది. డాక్టర్ దగ్గరికి వెళదామా?" అని అడిగింది.

"చూద్దాంలే" అన్నాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా. ఆర్నెల్లుగా అదే చూపు.

అంతలో పందిరికి ఒక కాయ వేలాడింది. ఆయన గుండె తరుక్కుపోయింది.

"పాపం, బరువంతా కాడ మీదే పడుతోందే. ఎంత లాగుతోందో!"

వెంటనే ఆమె మెత్తటి చున్నీ తెచ్చి కాయకు ఉయ్యాల కట్టాడు. కాయ నడుము కొలవడానికి ఆమె టేపు పట్టుకుపోయాడు. టేపు లేక ఆమె కంటి అంచనాతో గౌను కుడితే, వేసుకున్నావిడ చేతులు కిందికి దించలేకపోయింది. కాయ ఇంకా బరువెక్కాక కింద స్టూలు వేశాడు. స్టూలు గట్టిగా ఉంటుందని పైన దిండు వేశాడు. ఎవరి దిండు? మెడనొప్పికి మంచిదని ఆమె నాలుగు షాపులు తిరిగి కొనుక్కున్నది.

"నేను ఆఫీసుకెళ్ళాక రెండు బకెట్ల నీళ్ళు పొయ్యి. ఎండకు తట్టుకోలేదు పాపం."

ఆ బకెట్లు మెట్లెక్కేది ఆమె చేతుల్లోనే.

"మీ ఆయన మనసు వెన్న తల్లీ" అంది పక్కింటి పిన్ని.

"వెన్నే పిన్నీ. కాకపోతే మేడెక్కితేనే కరుగుతుంది."

మొన్న సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి తిన్నగా మేడ మీదికెళ్ళాడు. ఉయ్యాల ఖాళీ. స్టూలు ఖాళీ. కాడ మీద కత్తెర గాటు. రెండేసి మెట్లు దూకుతూ ఇంట్లోకొచ్చాడు.

భార్య మంచం మీద తన దిండు వేసుకుని పడుకుని ఉంది. పక్కన ఆయన దిండు మీద, దుప్పటి కప్పుకుని, గుమ్మడికాయ.

"డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చానండీ. ఆర్నెల్ల కిందే రావాల్సిందన్నాడు. బరువులు ఎత్తొద్దట."

"మరి ఇంత బరువు ఎలా దించావు?"

"పిన్ని ఓ చెయ్యేసింది."

ఆయన కంగారుగా దగ్గరికొచ్చాడు. "దింపేటప్పుడు ఎక్కడా తగల్లేదు కదా?"

ఆర్నెల్లలో మొదటిసారి ఆమె ప్రాణం లేచొచ్చింది. అయినా అనుభవం ఉన్న మనిషి, ఎందుకైనా మంచిదని అడిగింది.

"ఎవరికి?"

"కాయకి."

ఆమె నిదానంగా, మనిషంతా, గోడవైపు తిరిగింది.

వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. "మరి నేనెక్కడ పడుకోను?"

"మేడ మీద. ఉయ్యాల విప్పలేదులెండి."

కాబట్టి ఇల్లాళ్ళారా, మగవాడిలో కనికరానికి కొదవ లేదు. మీరు చేసిన పొరపాటల్లా ఒక్కటే, మెడతో పుట్టారు. కాడతో పుట్టాల్సింది.