మఖ్మల్ సోఫాకు రెండు సేర్ల ఉప్పు

అచ్చయ్యకు ఉపాయం తట్టిందని తెలిస్తే సూర్యాపేటల ఆ గల్లీవాళ్లు వాకిట్ల ఆరేసిన బట్టలు తీసి లోపల పెట్టుకుంటరు. తాలూకా కచేరీల నకళ్లు రాసే గుమాస్తా ఆయన. రాసేవి ఒకరి రాతలే గానీ, బుర్రల పుట్టేవన్నీ సొంతవే. అందుకే ఊరంత ఉపాయాల అచ్చయ్య అంటరు. వాటిల ఒక్కటన్న పారిందా అంటే, అది మాత్రం అడుగొద్దు.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఎండకాలం, మిర్యాలగూడల బదిలీ మీద పోతున్న ఓ ఇంజినీరు సామాను హర్రాజు పెట్టిండు. అచ్చయ్య మామ బేరాల రామనర్సయ్య కోదాడ నుంచి పోయి, ఎర్ర మఖ్మల్ సోఫా పాడుకొని, బండి కట్టించి బిడ్డకు పంపిండు. ఆ గల్లీకి సోఫా వచ్చుడు అదే మొదలు. అచ్చయ్య పెండ్లాం ఆండాలు దాని మీద పురుగును గూడ వాలనియ్యలే. పొద్దున మాపున దాని కింద ఊదుబత్తి ముట్టిచ్చేది.

"ఏమే, నైవేద్యం గూడ పెడ్తవా దీనికి?"

"నోరు మూస్కో. మా నాయన ఇచ్చింది. ఇంకో మాట, నీ కుక్క గడప దాటిందో, పెన్‌పహాడ్‌ల మా మేనత్త చేను కావలికి తోలిస్త. మళ్ల అనలేదనేవు."

ఆ కుక్క పేరు పులి. నల్లగ నిగనిగలాడుతది. కోడిపుంజు ఎదురొస్తే సందు మారుస్తది. పొద్దంత కచేరీల తిట్లు తిని ఇంటికొచ్చే అచ్చయ్యకు ఉరికొచ్చి తోక ఊపే ప్రాణి ఈ భూమ్మీద అదొక్కటే. దాన్ని పంపిస్తరంటే ఆయనకు ముద్ద దిగదు. అయినా ఆండాలు ఇట్ల బయటికి పోంగనే అట్ల దాన్ని సోఫా మీద పండబెడ్తడు. ప్రేమ అసొంటిది మరి.

ఓ మంగళారం ఆండాలు, "కోదాడ పొయ్యి నాయనను తోలుకొస్త. సోఫా సూపెట్టాలె. శుక్రారం మాపుకు వస్తం" అని బస్సెక్కింది.

బుధారం సాయంత్రం అచ్చయ్య కచేరీ నుంచి వచ్చి తలుపు తీసిండు. తీసి, మళ్ల మూసిండు. ముక్కు పట్టుకొని మళ్ల తీసిండు.

కంపు! ఉచ్చ కంపు! కండ్లల్లకెల్లి నీళ్లు కారేటంత కంపు! సోఫా నడుమ పులి నాలుగు కాళ్లు బార్లజాపి పండింది. పొద్దున లోపల పెట్టి పోయింది ఆయనే.

"ఓరి నీ పాడుగాను! కొంప ముంచినవ్ కదరా!"

పులి తోక ఊపింది.

అప్పుడే గోడ మీదికెల్లి పక్కింటి లింగమ్మ తల లేపింది. టెలిగ్రాం లింగమ్మ అంటరామెను. ఈమె చెవిల పడ్డ మాట తంతి కంటే ముందు బజారుకు చేరుతది.

"ఏందన్నా ఆ వాసన?"

"ఏం లేదమ్మా. చింతపులుసు మాడింది."

"ఉచ్చతోని చేసినవా పులుసు?"

ఇగ దాచి లాభం లేదు. చేతులు జోడించి, ఆండాలుకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నడు. లింగమ్మ చెప్పినట్టే బూడిద, చింతపండు కలిపి సోఫాకు పట్టించిండు. ఎరుపంత పోయి మఖ్మల్‌కు మచ్చలొచ్చినయి. కంపు మాత్రం కదలలే.

బేస్తారం దవాఖానకు ఉరికిండు. కంపౌండరు దేవదాసు కలం పట్టుకొని అడిగిండు.

"రోగి పేరు?"

"పేరు లేదు. నాలుగు కాళ్లు ఉన్నయి."

"అయితే గొడ్ల దవాఖానకు పోవయ్యా!"

"గొడ్డు గాదు సారూ, సోఫా!"

దేవదాసు ఆయన దిక్కు జాలిగ చూసి, ఫినాయిలు సీసా చేతుల పెట్టిండు. అచ్చయ్య సీసా సీసంత కుమ్మరించిండు. ఇప్పుడు ఇంట్ల దవాఖాన వాసన గూడ మోపైంది. దాన్ని అణచనీకి సాంబ్రాణి పొగ వేసిండు. ఆ పొగకు పులి తుమ్మింది, లింగమ్మ తుమ్మింది, ఎదురింటి ముసలాయన తుమ్మి తుమ్మి మంచం మీదికెల్లి కింద పడ్డడు.

శుక్రారం పొద్దుగాల ఆఖరి ఉపాయం తట్టింది. పచ్చి తోళ్లు కుళ్లకుండ ఉప్పు పట్టిస్తరు గద, మరి మఖ్మల్ ఏం పాపం చేసింది? లింగమ్మను ఓ దిక్కు పట్టుమని సోఫాను వాకిట్లకు ఈడ్చి, రెండు సేర్ల ఉప్పు నూరి దట్టంగ చల్లి, ఎండల పెట్టిండు.

మాపు వంగి వాసన చూసిండు. మళ్ల చూసిండు. కంపు లేదు! "పులిగా, బతికినంరా!" అని కుక్క ముందటి కాళ్లు రెండూ పట్టుకొని గంతులేసిండు. పుట్టి బుద్ధెరిగినకాడికెల్లి ఆయనకు పారిన ఉపాయం అదొక్కటే.

సరిగ్గ అప్పుడే మేత నుంచి మట్టయ్య గొర్రెల మంద ఇంటిముఖం పట్టింది. ఎనభై గొర్రెలు. ముందు నడిచే పొట్టేలు టక్కున ఆగి గాలి పీల్చింది.

ఉప్పు!

"హేయ్! హేయ్! అయ్యా, అడ్డం పోకు, తొక్కుతయి!" అని మట్టయ్య మొత్తుకునే లోపల ఎనభై గొర్రెలూ వాకిట్ల ఉన్నయి. పొట్టేలు సోఫా ఎక్కింది. దాని ఎనకాల పది ఎక్కినయి. ఎక్కినయి నాకినయి, నాకినయి పీకినయి, ఎక్కనియి కింద నుంచి పీకినయి. అచ్చయ్య ఒకదాని తోక పట్టుకుంటే ఇంకోటి ఆయన ధోతి పట్టుకున్నది. పులి అరుగు కిందికి దూరి కండ్లు మూసుకున్నది.

"అయ్యో! నా సోఫా!"

ఆ కేక ఆండాలుది. నెత్తి మీది మూట జారి కిందపడ్డది. ఎనకాల రామనర్సయ్య కొయ్యబారి నిలబడ్డడు. నిలబడి, ముక్కు ఎగబీల్చి చూసిండు.

"ఏమే అమ్మాయ్, కంపు కంపని బస్సంతా నా చెవి కోశావు. ఎక్కడే కంపు? నాకు ఫినాయిలు వాసన తప్ప ఇంకోటి రావట్లేదు!"

అచ్చయ్య పై ప్రాణం పైనే పోయింది. ఈమెకు తెలిసిపోయింది! ఉరికొచ్చి పెండ్లాం ముందట మోకాళ్ల మీద పడ్డడు.

"తప్పయింది ఆండాలూ! పులిగాన్ని నేనే పండబెట్టిన! ఇయ్యాల గాదు, మూడు నెలల సంది! నువ్వు బావికి పోయినప్పుడు, లింగమ్మింటికి పోయినప్పుడు... పగటిపూట కచేరీకెల్లి దొంగతనంగ వచ్చి, వాని పక్కన నేను గూడ ఓ కునుకు తీసేటోన్ని! నన్నేమన్న అనే, వాన్ని మాత్రం పంపకే!"

"విన్నావా!" రామనర్సయ్య తొడ చరిచిండు. "నా బేరానికి వంక పెడతావా? చేసిందంతా మీ కుక్క!"

ఆండాలు మొగని దిక్కు చూసింది, తండ్రి దిక్కు చూసింది. చివరికి, "పొద్దుగాల్నే పెన్‌పహాడ్ పోయే బండి సూడు" అన్నది.

అచ్చయ్యకు నిజంగనే ఏడుపొచ్చింది. అరుగు కిందికెల్లి పులిని తీసి చంకల పెట్టుకున్నడు.

ఇంతల పర్రుమన్నది. పొట్టేలు కొమ్ము మఖ్మల్‌ల ఇరికి, అది బలంగ గుంజితే సోఫా నడుమ నుంచి నిలువునా చినిగింది. లోపలి పీచంత బయటపడ్డది. దానెంబడి వాసన గూడ బయటపడ్డది. ఎనభై గొర్రెలూ ఒక్కసారే ఎనకకు జరిగినయి. రామనర్సయ్య కండువా ముక్కుకు అడ్డం పెట్టిండు.

మట్టయ్య దగ్గరికి పోయి పీచు చేతిల పట్టి చూసిండు.

"గొర్రెల నడుమ పుట్టి పెరిగినోన్ని, నాకు తెల్వదా అయ్యా! ఇది నిన్న మొన్నటి ఉచ్చ గాదు. ఏండ్ల సంది ఊరింది. ఇగో, ఎంట్రుకలు సూడు. జానెడు ఉన్నయి, తెల్లగ. నీ కుక్క నల్లది గద?"

ఆండాలు మెల్లగ తండ్రి దిక్కు తిరిగింది.

"నాయనా, ఆ ఇంజినీరుకు కుక్క ఉండెనా?"

"ఉన్నట్టే గుర్తు."

"ఏ రంగు?"

"తెలుపే అనుకుంటా. బొచ్చు కుక్క. హర్రాజు నాడు సోఫా దిగనంటే... నేనే ఎత్తి దించాను."

"బస్సంత మొత్తుకున్న గద, మొదటి దినం సందే కంపు కొడ్తున్నదని! ఈయనకు చెప్తే నీ బేరాన్ని ఏడాదంత ఎక్కిరిస్తడని ఊదుబత్తులు ముట్టిచ్చుకుంట సచ్చిన! మర్యాదగ వచ్చే వారం నాకు బీరువా పంపు."

"పంపుతాలే తల్లీ," అన్నడు రామనర్సయ్య నేల చూపులు చూస్తూ.

అచ్చయ్య ఎగిరి గంతేసిండు. "అంటే మా పులిగాని తప్పేం లేదు!"

"వానిదేం లేదు. ఈడనే ఉంటడు. ఇంట్లనే ఉంటడు" అన్నది ఆండాలు. "నువ్వేమంటివి? పగటిపూట కచేరీకెల్లి దొంగతనంగ వచ్చి?"

అచ్చయ్య గంతు ఆగింది.

"అదేందే, నీకు అంతా తెలుసు గద?"

"నాకు కంపు సంగతే తెలుసు. మిగిలిందంత నువ్వే చెప్పినవ్."

గోడ మీద లింగమ్మ తల అప్పటికే లేదు. బజారుకు పోయింది.

మరునాడు పొద్దుగాల ఆండాలు రెండు రొట్టెలు పట్టుకొని, పులిని మొగని ఎంబడి తోలుకపోయి, కచేరీ గేటుకాడ కూసోబెట్టి, "ఈయన బయటికి రాంగనే పిలువు బిడ్డా" అని వీపు నిమిరింది. పగటిపూట అచ్చయ్య చెప్పులు చేతుల పట్టుకొని, పిల్లి అడుగులేసుకుంట గేటు దాకా వచ్చిండు.

ఆయనను చూసి పులికి పట్టరాని సంతోషమైంది. భౌమని అరిచింది. ఎగిరి ఎగిరి అరిచింది. కచేరీల కిటికీలన్నీ తెరుచుకున్నయి. పెద్దసాబు బయటికొచ్చి, "ఎటు పోతున్నవయ్యా అచ్చయ్యా?" అన్నడు.

"ఎటూ లేదు సాబ్," అన్నడు అచ్చయ్య. "మా వోడు పిలుస్తుంటే వచ్చిన."