ఒకటి, రెండు వచ్చినవాళ్ళు

జగ్గయ్యపేటలో జూనియర్ కాలేజీ లెక్కల మాస్టారుగా రిటైరైన స్తెఫను గారికి ఆ ఉదయం ఒళ్ళు మండిపోయింది. ఆయన భార్య జయమణి అంగన్‌వాడీ టీచరు. నందిగామలో మీటింగుంది, ఈ ఒక్కరోజూ ఆయా బేబికి తోడుగా పిల్లల దగ్గర ఉండమని అడిగింది. ఉండటానికి ఆయనకేం అభ్యంతరం లేదు. "మీవల్ల అవుద్దా అని" అంటూ నసిగింది చూశారూ, అదీ మంట.

"కాలిక్యులస్ చెప్పినోణ్ణి, ఈ బుడ్డోళ్ళు నాకో లెక్కా? ఆడించి గుడ్డు పెట్టడం కూడా ఓ ఉద్యోగమేనా? నీకు ఫోను చెయ్యకుండా సాయంత్రం దాకా నడిపిస్తా. నడిపిస్తే నువ్వా ఉద్యోగం మానేసి ఇంటిపట్టునుండాలి."

"సరేనండి. ఫోను చేస్తే మాత్రం ఇంకెప్పుడూ నా ఉద్యోగం ఊసెత్తకూడదు." ప్రాణంగా చూసుకునే ఉద్యోగాన్ని ఏ ధైర్యంతో పణంగా పెట్టిందో గానీ, జయమణి బస్సెక్కేసింది.

బేబి వంటగదిలో పప్పు పొయ్యి మీద పెట్టింది. మాస్టారు పిల్లల్ని చాప మీద వరసగా కూర్చోబెట్టి, చెప్పేదాకా ఎవరూ లేవకూడదన్నారు. "ఒకటి ఎవరికొచ్చు?"

బెన్ని చిటికెనవేలు ఎత్తాడు. "ఒకటొస్తంది తాతా."

వాణ్ణి చూసి మిగతావాళ్ళూ చిటికెనవేళ్ళు ఎత్తేశారు. జయమణి బాగానే నేర్పిందే అని మాస్టారు మురిసిపోయారు. "మరి రెండు?"

చివర్న కూర్చున్న మహిమ రెండు వేళ్ళు చూపించింది. "రెండొస్తంది తాతా."

"వస్తంది కాదమ్మా, వచ్చు అనాలి. సిగ్గెందుకు, అందరి ముందూ గట్టిగా చెప్పు."

మహిమ ముఖం ఎర్రబడింది. కాసేపు బిగబట్టుకుని, "వచ్చేసింది తాతా" అంది.

ఈలోగా బెన్ని కింద చాప తడిసింది. "నీళ్ళెవర్రా పారబోసింది?" అని మాస్టారు కేకేశారు. ఆ కేకకి దడుచుకుని మిగతా అందరికీ ఒకటి వచ్చేసింది.

బేబి గరిటెతో పరిగెత్తుకొచ్చింది. "వేలు చూపిస్తంటే దొడ్లోకి పంపాలి కదండీ?"

"నేను అంకె అడిగా. వాళ్ళు ఇంకోటి చెబితే తప్పు నాదా?" నిజమే కదా, ప్రశ్నలో దోషమేముంది?

పిల్లల్ని కడిగి, బట్టలుతికి ఆరేసేసరికి లోపల పప్పు మాడి బొగ్గయింది. మహిమకి ఆయన తువ్వాలు, మిగతావాళ్ళకి చేతికందిన గుడ్డల్లా చుట్టారు. గుడ్డలు అయిపోతే గోడకున్న బ్యానరు కూడా దింపారు. ఇంత జరిగినా ఆయన ఫోను ముట్టుకోలేదు.

సాయంత్రం తల్లులొచ్చారు. అందరికంటే ముందు ఆసిఫా అందుకుంది. "మా జాకియాకి ఇదేం కట్టారండి? దాని వీపు మీద 'బాలింతలకు సూచనలు' అని ఉంది. రేపట్నుంచి మీరే చూసేట్టయితే మా పిల్లని పంపం."

"నా తువ్వాలు పోయింది, నన్నెవరడుగుతారు?" అని మాస్టారు విరుచుకుపడుతుండగానే జయమణి బస్సు దిగి వచ్చింది. మాడు వాసన పీల్చింది, తడి చాప చూసింది, బ్యానరు చదివింది.

"నాకు ఫోను రాలేదు" అంది తల్లులతో. "మాస్టారే గెలిచారు. మాటిచ్చా కాబట్టి మానేస్తన్నా."

తల్లులంతా ఆయనకేసి తిరిగారు. స్తెఫను గారికి ఆ రోజు మొత్తంలో రానంత కోపం అప్పుడొచ్చింది.

"ఎట్లా మానేస్తావు? ఈ పసివాళ్ళని ఎవరి మొహాన పడేసి పోతావు? మనిషన్నాక బాధ్యత ఉండక్కర్లా?"

"అలాగేనండి" అని జయమణి ఆయన చేతికి ఫినాయిలు సీసా అందించింది.